చెల్లు రాసిన పద్దులు

విజయవాడ వన్‌టౌన్‌లోని మా టోకు కిరాణా కొట్టు అటకను గత ఆదివారం శుభ్రం చేస్తుండగా నాన్నగారి అరువు ఖాతా పుస్తకం ఒకటి బయటపడింది. మొదటి పేజీ పైన ‘శ్రీ’, నాలుగు మూలలా వెలిసిపోయిన పసుపు. పొద్దున్నే ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజని వినిపిస్తుండగా ఆయన పద్దులు రాసుకునేవారు. అందుకే కాబోలు, ఆ పేజీలు తిప్పుతుంటే అక్షరాలకన్నా ముందు నాకు తంబురా శ్రుతి వినిపించింది.

1977 నవంబరు పద్దుల్లో దివిసీమ చిల్లర వర్తకుల పేర్లకు ఎదురుగా జమ లేదు గానీ, అడ్డంగా ఎర్ర సిరాతో గీత కొట్టి ‘చెల్లు’ అని రాసి ఉంది. అమ్మను అడిగితే, “ఉప్పెనలో వాళ్ల కొట్లే కొట్టుకుపోయాయిరా, మీ నాన్నగారు ఇంకెవరిని అడుగుతారు?” అన్నది.

వ్యాపారిగా నాకు అది మింగుడుపడలేదు. నూటికి 5 రూపాయలు మిగిలే సరుకులో 1,000 రూపాయలు మునిగితే, దానిని పూడ్చుకోవడానికి మరో 20,000 రూపాయల అమ్మకం కావాలి. ఊళ్లో ఉండవలసినవారిని చెబుతూ సుమతీ శతకకారుడు అప్పిచ్చువాడిని వైద్యుడికన్నా ముందు నిలబెట్టాడు. ఆ అప్పు తిరిగి రాకపోతే ఏమి చేయాలో మాత్రం ఆ పద్యంలో చెప్పలేదు.

అయితే అదే పుస్తకం చివరి పేజీల్లో, 1981 పద్దుల్లో, గీత కొట్టిన ఆ పేర్లలో మూడు మళ్లీ కనిపించాయి. మూడింటికీ ఎదురుగా ‘నగదు జమ’ అని ఉంది, పాత బాకీ ఎంతో అంతే.