ఫెన్నర్ కుందేళ్ళు

కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టిన రోజుల్లో మా బంధువుల ఇళ్ళల్లో ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ పరామర్శకు వెళ్ళినా నన్ను ఒకే ప్రశ్న అడిగేవారు: "డాక్టరు గారూ, వైరస్ పాతబడే కొద్దీ మెత్తబడిపోతుందట, నిజమేనా?" నేను పశువైద్యుణ్ణి. గొర్రెలకు బొబ్బరోగం టీకాలూ కోళ్ళకు కొక్కెర తెగులు టీకాలూ వేస్తూ ముప్పై ఏళ్ళు గడిపినవాణ్ణి. మనుషుల రోగాల గురించి నన్నెందుకు అడగాలని అప్పుడప్పుడు విసుగు కలిగినా, ఆ మాటకు అందరూ చూపే ఉదాహరణ మనుషుల ఆసుపత్రిలోది కాదని, ఆస్ట్రేలియా పచ్చికబయళ్ళలోని కుందేళ్ళదని తెలుసు గనుక వారి ప్రశ్న సరైన గడపకే వచ్చిందనిపించేది. ఆ కుందేళ్ళను పరీక్షించిన శాస్త్రవేత్త ఫ్రాంక్ ఫెన్నర్. 1987లో వెలువడిన 'వెటర్నరీ వైరాలజీ' రచయితల్లో మొదటి పేరు ఆయనదే. మా తరం పశువైద్య విద్యార్థులకు ఆయన అలా అట్టమీది పేరుగానే పరిచయం.

ఆయన 1914 డిసెంబరు 21న ఆస్ట్రేలియాలోని బల్లారట్‌లో పుట్టి, అడిలైడ్‌లో వైద్యం చదివారు. రెండో ప్రపంచయుద్ధంలో సైనిక వైద్యుడిగా న్యూగినీలో మలేరియాతో తలపడ్డారు. యుద్ధం ముగిశాక, 1946లో, మెల్‌బోర్న్‌లోని వాల్టర్ అండ్ ఎలైజా హాల్ వైద్య పరిశోధన సంస్థలో వైరస్ శాస్త్రవేత్త మాక్‌ఫార్లేన్ బర్నెట్ దగ్గర చేరినప్పుడు ఆయన చేతికొచ్చినది ఎలుకలకు వచ్చే ఒక జబ్బు. దాని పేరు ఎక్ట్రోమీలియా. ఆ జబ్బు సోకిన ఎలుకల కాళ్ళు కుళ్ళి ఊడిపోతాయి, పేరు వెనుక ఉన్న అర్థం కూడా అదే. ఆ వైరస్ మశూచి వైరస్‌కు దగ్గరి చుట్టమని బర్నెట్ అప్పటికే గుర్తించారు.

ఫెన్నర్ చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఎలుకల అరికాలిలో కొద్దిపాటి వైరస్‌ను ఎక్కించి, రోజుకు కొన్నింటిని కోసి, ఏ అవయవంలో ఎంత వైరస్ ఉందో కొలుస్తూ పోయారు. వైరస్ మొదట చర్మంలో, తర్వాత దగ్గరి లింఫు గ్రంథిలో పెరిగి, రక్తంలోకి జారి, కాలేయాన్నీ ప్లీహాన్నీ ఆక్రమించుకొని, అక్కడ విపరీతంగా వృద్ధి చెందాక రెండోసారి రక్తంలోకి పొంగి, అప్పుడు మాత్రమే చర్మానికి చేరి పొక్కులుగా బయటపడుతుందని ఆ కొలతలు తేల్చాయి. మశూచి సోకిన మనిషి పన్నెండు రోజుల పాటు ఏమీ ఎరగనట్టు తిరిగి, ఆ తర్వాత జ్వరంతో పడిపోయి, ఇంకో రెండుమూడు రోజులకు ఒళ్ళంతా పొక్కులు పోసుకోవడం వెనుక ఏం జరుగుతుందో మనిషిని కోసి చూడలేని చోట ఎలుక చెప్పింది. అమ్మవారు ఒంటి మీద కనిపించక ముందే లోపల కొలువుదీరుతుందని మా నాయనమ్మ అనేది. ఫెన్నర్ పట్టికలు చూసినప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది.

1949లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో సూక్ష్మజీవశాస్త్ర ఆచార్య పదవి ఆయనకు దక్కింది. ఆ మరుసటి సంవత్సరమే కుందేళ్ళ కథ మొదలైంది. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదా కోసం విక్టోరియాలో వదిలిన కొద్దిపాటి కుందేళ్ళు తొంభై ఏళ్ళలో కోట్ల సంఖ్యకు పెరిగి గొర్రెల మేతను ఊడ్చేస్తుంటే, దక్షిణ అమెరికా అడవికుందేళ్ళలో నిరపాయంగా ఉంటూ ఐరోపా జాతి కుందేళ్ళను మాత్రం చంపే మిక్సోమా వైరస్‌ను ప్రభుత్వ శాస్త్రవేత్తలు 1950లో ముర్రే నది లోయలో వదిలారు. కొన్ని నెలలు ఏమీ జరగలేదు, ప్రయోగం విఫలమైందనే అనుకున్నారు. ఆ ఏడాది చివర దోమలు ముసిరేసరికి అది నదుల వెంట వందల మైళ్ళు పాకిపోయింది.

అదే సమయంలో, 1951 ఆరంభంలో, అదే లోయలో మనుషులకు మెదడువాపు జ్వరం వచ్చింది. కుందేళ్ళ రోగమే మనుషులకు అంటుకుందని జనం భయపడ్డారు. అది దోమలు మోసే వేరే వైరస్ పని. ఎంత చెప్పినా జనానికి నమ్మకం కుదరకపోవడంతో బర్నెట్, ఫెన్నర్, ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ అధిపతి ఇయన్ క్లూనీస్ రాస్ ముగ్గురూ సజీవ మిక్సోమా వైరస్‌ను తమకే సూదితో ఎక్కించుకున్నారు, ఏ జబ్బూ రాలేదు. ఫెన్నర్ గురించి చెప్పేవారంతా ఈ ఘట్టాన్నే ముందు చెబుతారు. నా దృష్టిలో ఆయన గొప్పతనం ఇందులో లేదు. అది ధైర్యమే, కాని ఒక్క పూట ధైర్యం. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చేసినది అంతకన్నా కష్టమైన పని.

వదిలిన వైరస్ మొదట్లో నూటికి తొంభైతొమ్మిదికి పైగా కుందేళ్ళను చంపేది. దేశం నుంచి పీడ విరగడైందని రైతులు సంబరపడుతున్న వేళ, ఫెన్నర్ బృందం పొలాల్లో చచ్చిన కుందేళ్ళ నుంచి ఏటా వైరస్‌ను సేకరించి, ఏనాడూ ఆ రోగాన్ని ఎరగని ప్రయోగశాల కుందేళ్ళకు ఎక్కించి, ఎన్ని చస్తున్నాయో, ఎన్ని రోజులకు చస్తున్నాయో లెక్కగట్టింది. ఆ లెక్క ప్రకారం వైరస్ రకాలను ఐదు తరగతులుగా విభజించారు. మొదటి తరగతివి పదమూడు రోజుల లోపే దాదాపు అన్నిటినీ చంపేవి, ఐదో తరగతివి సగాన్ని కూడా చంపలేనివి. కొద్ది ఏళ్ళలోనే అడవిలో ఎక్కువగా కనిపించినది ఈ రెండూ కాదు, నూటికి డెబ్భై నుంచి తొంభై అయిదు దాకా చంపే మూడో తరగతి.

ఎందుకో వివరించడానికి ఆయన దోమను పరీక్షించారు. మాక్స్ డే, గ్వెండొలిన్ వుడ్రూఫ్‌లతో కలిసి చేసిన ప్రయోగాల్లో తేలినదేమిటంటే, ఈ వైరస్ దోమ ఒంట్లో పెరగదు, పుండులో దిగిన సూదికి చీము అంటినట్టు దోమ ముట్టెకు అంటుకొని మరో కుందేలుకు చేరుతుంది. పది రోజుల్లో చచ్చే కుందేలు దోమకు ఇచ్చే అవకాశం తక్కువ. మరీ మెత్తని వైరస్ సోకిన కుందేలు పుండులో దోమ ముట్టెకు అంటేంత వైరస్ ఎక్కువ కాలం ఉండదు. మూడు నాలుగు వారాలు పుండ్లతో ఈడుస్తూ బతికే కుందేలే దోమకు అనువైనది. వైరస్‌కు మెత్తబడాలన్న కోరికేమీ లేదు, దోమకు అందేంత చోట అది ఆగిందంతే.

ఇక్కడితో ఆగితే కథ సగమే. ఫెన్నర్, ఇయన్ మార్షల్ కలిసి లేక్ యురానా ప్రాంతపు అడవికుందేళ్ళకు ఏటేటా ఒకే రకం వైరస్‌ను ఎక్కించి చూశారు. రోగం తాకని కుందేళ్ళలో నూటికి తొంభైని చంపే ఆ వైరస్, కొన్ని విడతల రోగాన్ని తట్టుకున్న వాటి సంతతిలో నూటికి పాతికను మాత్రమే చంపగలిగింది. అంటే ఒకవైపు కుందేలును మార్చకుండా వైరస్‌ను కొలిచారు, మరోవైపు వైరస్‌ను మార్చకుండా కుందేలును కొలిచారు. రెండు పళ్ళేలనూ విడివిడిగా తూచిన ఈ జాగ్రత్త లేకపోతే చావులు తగ్గడానికి కారణం వైరసా, కుందేలా అన్నది ఎప్పటికీ తేలేది కాదు. నా మటుకు నాకు ఆయన జీవితంలోని అసలు ఘనత ఇదే.

మశూచి నిర్మూలన ముగింపు దశలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఈ జాగ్రత్త గల మనిషే కావలసి వచ్చాడు. 1977 అక్టోబరులో సోమాలియాలోని మెర్కా పట్టణంలో అలీ మావ్ మాలిన్ అనే ఆసుపత్రి వంటవాడికి సోకినదే సహజంగా వచ్చిన చివరి మశూచి. చివరిదని ఆనాడు ఎవరు చెప్పగలరు? రోగం ఉందని రుజువు చేయడానికి ఒక్క రోగి చాలు, లేదని రుజువు చేయడానికి ప్రపంచమంతా వెతకాలి. మశూచి లేదని నిర్ధారించేందుకు ఏర్పడిన సంఘానికి ఫెన్నర్ అధ్యక్షుడయ్యారు. పశువైద్యుడిగా నన్ను ఎక్కువగా ఆకట్టుకునే ప్రశ్న ఆయన ముందున్న మరొకటి: మనుషుల్లో లేని మశూచి ఏ జంతువులోనైనా దాగి ఉందా? మంకీపాక్స్ వైరస్‌ను 1958లోనే కోతుల్లో కనుగొన్నారు, 1970లో కాంగోలో ఒక బిడ్డకు అది సోకింది. పైగా కోతుల మూత్రపిండాల కణాల నుంచి తీశామంటూ కొన్ని ప్రయోగశాలలు చూపిన వైరస్‌లు అచ్చం మశూచిలాగే ఉండేవి. జంతువులో మశూచి ఉంటే నిర్మూలన అన్న మాటకే అర్థం లేదు. చివరికి మంకీపాక్స్ వేరే వైరస్ అని, ఆ 'కోతుల మశూచి' ప్రయోగశాలలో పొరపాటున కలిసిన మనిషి మశూచేనని తేలింది.

1979 డిసెంబరు 9న జెనీవాలో సంఘ సభ్యులు నిర్ధారణ పత్రంపై సంతకాలు చేశారు. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ ముందు మశూచి లేదని ప్రకటించే బాధ్యత ఫెన్నర్‌కు దక్కింది. నా ఎడమ భుజం మీద చిన్నప్పటి మశూచి టీకా మచ్చ ఉంది, 1980 తర్వాత పుట్టిన మా ఆఖరి తమ్ముడికి లేదు. ఆ తర్వాత 1988లో సహచరులతో కలిసి ఆయన వెలువరించిన మశూచి నిర్మూలన చరిత్ర పద్నాలుగు వందల పేజీలు దాటుతుంది. ఫెన్నర్ 2010 నవంబరు 22న కాన్‌బెర్రాలో కన్నుమూశారు.

మా బంధువుల ప్రశ్నకు జవాబు ఆయన పోయాక మరింత స్పష్టమైంది. 2017లో వెలువడిన పరిశోధనలో, 1990ల నాటి ఆస్ట్రేలియా మిక్సోమా వైరస్‌లను ప్రయోగశాల కుందేళ్ళకు ఎక్కించి చూస్తే, పాతకాలపు వాపులు, పుండ్లు అంతగా కనిపించకుండానే రోగనిరోధక శక్తి కూలిపోయి అవి చచ్చిపోయాయి. కుందేళ్ళు గట్టిపడుతుంటే వైరస్ కూడా మళ్ళీ పదునెక్కిందన్నమాట. ఫెన్నర్ కాలం నుంచి భద్రపరచి ఉంచిన నమూనాల జన్యువులను కొత్తవాటితో పోల్చగలుగుతున్నారు గనుకనే ఈ మార్పుల జాడ ఇంత వివరంగా దొరికింది. ఇప్పుడు ఎవరైనా "మెత్తబడుతుందట కదా" అని అడిగితే, ఏ వైరస్, ఏ జంతువులో, ఎవరు కొలిచారని నేనే ఎదురడుగుతున్నాను.