ఒంటికాలి టర్న్

ఈత పోటీలో మూడో టర్న్‌లో, అంటే గోడ దగ్గర వెనక్కి తిరిగేటప్పుడు, గోడను ఒక్క ఎడమ కాలితోనే తన్నాను. తిన్నగా పోవాల్సినదాన్ని కాస్తా పక్కకి వెళ్లి లేన్ తాడుకి భుజం గీసుకున్నాను.

కుడి చీలమండ అప్పటికే బెణికి ఉంది. నీళ్లలోకి దూకే బ్లాక్ ఎక్కుతుంటే ప్రాణం పోయినంత పనైంది. నీళ్లలో పడ్డాక మాత్రం సగం నొప్పి మాయం, పాదం మీద బరువు ఉండదు కదా.

బ్రెస్ట్‌స్ట్రోక్ ఈత ముందే మానుకున్నా. ఆ కిక్‌కి పాదం బయటికి తిప్పాలి, నా వల్ల కాదు. 100 మీటర్ల ఫ్రీస్టైల్ అయితే చేతులే లాక్కెళ్తాయిలే అనుకున్నా. 25 మీటర్ల పూల్‌లో మూడు టర్న్‌లు ఉంటాయన్న సంగతే మర్చిపోయాను!

ఆరో స్థానం. టైమ్ చూడలేదు. సరే, అబద్ధమెందుకు, రెండుసార్లు చూశాను.

ఇప్పుడు పాదం ఐస్ బకెట్‌లో ఉంది. అమ్మకి ఇంకా చెప్పలేదు.