పసిపిల్లల చెవిన పడే మాటల్ని మెషీన్ లెక్కపెడితే

లీనా అని ఒక చిన్న రికార్డర్ ఉంది, పిల్లల చొక్కా ముందు జేబులో పట్టేస్తుంది. పొద్దున్నే తొడిగేస్తే 16 గంటల దాకా పాప చుట్టుపక్కల వినబడేదంతా రికార్డ్ చేస్తుంది, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ కూర్చుని పెద్దవాళ్ళు సుమారు ఎన్ని మాటలు మాట్లాడారు, పాప ఎన్నిసార్లు గొంతు విప్పింది, ఇద్దరి మధ్య మాటకి మాట ఎన్నిసార్లు నడిచింది అని లెక్క తీసి ఇస్తుంది. ఒకరు ఆపాక 5 సెకన్లలోపు రెండోవాళ్ళు పలికితేనే మాటకి మాట కింద లెక్క. స్పీచ్ టెక్నాలజీలో పనిచేస్తున్నాను కాబట్టి ఈ విషయం నాకు చాలా ఇష్టం, మన భాషలో దీని గురించి ఎవరూ పెద్దగా రాయట్లేదనే ఇది రాస్తున్నా.

దీని వెనక 1995లో వచ్చిన ఒక పరిశోధన ఉంది. హార్ట్, రిస్లీ అనే ఇద్దరు అమెరికాలో కాన్సస్‌లో 42 కుటుంబాల ఇళ్ళకి నెలకి ఒక గంట చొప్పున రెండున్నరేళ్ళు వెళ్ళి విన్నారు, పేదింటి పిల్లలు నాలుగేళ్ళు వచ్చేసరికి 3 కోట్ల మాటలు తక్కువ వింటారని అంచనా కట్టారు. ఆ 3 కోట్లు ప్రపంచమంతా పాకిపోయింది. 42 ఇళ్ళు, అదీ పరాయివాళ్ళు పక్కన కూర్చుని రాసుకుంటుంటే ఎవరైనా మామూలుగా మాట్లాడతారా? రోజంతా రికార్డ్ చేసే మెషీన్ వచ్చాక ఆ ఇబ్బంది చాలావరకు తగ్గింది.

కానీ లీనాకి మాటలు అర్థం కావు. అమెరికన్ ఇంగ్లీష్ రికార్డింగుల మీద నేర్చుకుంది, గొంతు ఆడదా మగదా పిల్లలదా, లేక టీవీనా అని ముక్కలు చేసుకుని, ఆ ముక్కల్లో వినబడే శబ్దాల్ని బట్టి ఇన్ని మాటలు ఉండొచ్చు అని అంచనా వేస్తుంది అంతే. మరి "వస్తున్నానంటున్నాడు" అని మనం ఒక్క ముక్కలో అనేదానికి ఇంగ్లీష్‌లో నాలుగైదు మాటలు కావాలి కదా, ఇంగ్లీష్ కొలతతో తెలుగింటికి వచ్చే అంకెని పక్కింటి ఇంగ్లీష్ అంకెతో పోల్చి ఏం చెప్పగలం? అందుకే నాకు ఆలిస్ అనే ఓపెన్ సోర్స్ టూల్ నచ్చింది, ఫిన్లాండ్‌లో టాంపెరె యూనివర్సిటీకి చెందిన ఓక్కో రాసానెన్, ఇంకొందరు కలిసి చేశారు. అది మాటలతో పాటు సిలబుల్స్ (అంటే మాటలో ఒక్క ఊపులో పలికే ముక్కలు), ధ్వనులు కూడా లెక్కిస్తుంది. తెలుగుకి సిలబుల్ లెక్కే నమ్మకంగా ఉంటుందని నా అభిప్రాయం.

ఇంకో పెద్ద సంగతి, ఒకేసారి ఇద్దరు ముగ్గురు మాట్లాడితే లీనా దాన్ని ఓవర్‌ల్యాప్ అని పక్కన పెట్టేస్తుంది, మాటల లెక్కలోకి రాదు. నానమ్మ వంటింట్లోంచి అరుస్తుంటే, పిన్ని ఫోన్లో మాట్లాడుతుంటే, మిక్సీ తిరుగుతుంటే, హాల్లో సీరియల్ నడుస్తుంటే ఆ ఇంట్లో పాప విన్నదాంట్లో ఎంత పోతుందో ఆలోచించండి. అక్క తమ్ముణ్ణి చంకనేసుకుని ఊరంతా తిప్పుతూ చెప్పే కబుర్లూ అంతే, పెద్దల మాటల లెక్కలోకి రావు. మెక్సికోలో సెల్తాల్ మాట్లాడే ఊళ్ళో మరీసా కసియస్ బృందం రికార్డ్ చేస్తే, నేరుగా పిల్లలతో మాట్లాడింది గంటకి నాలుగు నిమిషాల లోపే అని తేలింది, అయినా ఆ పిల్లలకి ఊసులూ తొలి పలుకులూ సమయానికే వచ్చాయి. అంకె తక్కువొచ్చింది కదా అని ఆ తల్లుల్ని తప్పుపట్టేస్తే ఎంత అన్యాయం!

2023లో ఎలికా బెర్గెల్సన్, ఇంకా చాలామంది కలిసి 12 దేశాల నుంచి 1,001 మంది పిల్లల 40 వేల గంటలకి పైగా రికార్డింగులు లీనాతో చూశారు. పిల్లలు ఎంత పలుకుతారన్నది వయసుని బట్టి, ఆరోగ్య పరిస్థితులని బట్టి, చుట్టూ పెద్దవాళ్ళు ఎంత మాట్లాడుతున్నారన్నదాన్ని బట్టి మారింది, తల్లి చదువుతో మాత్రం సంబంధం కనబడలేదు. ఎక్కువ పలికే పిల్లలతో పెద్దవాళ్ళే ఎక్కువ మాట్లాడతారేమో కూడా, ఏది ముందో ఈ లెక్క చెప్పదు. అయినా అమ్మ చదువుకోలేదు కాబట్టే పిల్లాడికి మాటలు రావట్లేదు అని ముఖం మీదే అనేవాళ్ళకి ఈ ఫలితం చూపించాలనిపిస్తుంది నాకు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళకైతే తెలుసుకోవాల్సింది వేరే, పాప రోజులో తెలుగు ఎంత వింటోంది అని. లీనా అది చెప్పదు, అన్ని భాషల్నీ కలిపి ఒకే మొత్తం ఇస్తుంది. ఏ ముక్క ఏ భాషో మనిషే విని రాయాలి.

తెలుగుకి కావాల్సింది కూడా సరిగ్గా అదే పని. శ్రీకాకుళం పల్లె నుంచి, ఆదిలాబాద్ గూడెం నుంచి, హైదరాబాద్ ఫ్లాట్ నుంచి కొన్ని ఇళ్ళ రికార్డింగులు తీసుకుని, మధ్యమధ్యలో చిన్న చిన్న ముక్కలు ఏరి, ఎవరు మాట్లాడారు, ఎన్ని సిలబుల్స్ అని మనుషులు రాసి మెషీన్ లెక్కతో పోల్చాలి. ఫ్రెంచ్‌కి, కొరియన్‌కి, షాంఘైలో మాండరిన్‌కి ఇలాంటి పరీక్ష ఎప్పుడో చేశారు. ఇంటికొచ్చిన చుట్టాల మాట కూడా రికార్డ్ అవుతుంది కాబట్టి అందరికీ ముందే చెప్పాలి, వద్దన్న ముక్క చెరిపేసే హక్కు ఆ ఇంటివాళ్ళకే ఉండాలి. స్పీచ్ థెరపిస్టులు, లింగ్విస్టిక్స్ చదివేవాళ్ళు ఎవరైనా మొదలుపెడితే చెప్పండి, ముక్కలు విని రాసే పనికి నేను వస్తాను.