నెక్‌లైన్ దాటే వరకు ఆగడం

అమలాపురంలో ప్రింటు తీయించుకున్న ఒక చార్టు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. 2022 ఫిబ్రవరి నాటిది. 640 రూపాయల నుంచి పడిన షేరు 410కి వచ్చి లేచింది, మళ్లీ 412 దగ్గర ఆగింది. పక్కన ‘డబుల్ బాటమ్’ అని, అంటే ధర రెండుసార్లు ఒకే అడుగు తాకి పైకి తిరుగుతుందని, పెన్సిలుతో నేనే రాశాను. కొబ్బరి దింపు డబ్బులో నలభై వేలు పెట్టి మర్నాడే 418కి కొన్నాను. మూడు వారాల్లో అది 330కి వచ్చింది. ఎనిమిది వేలకు పైగా పోగొట్టుకుని అమ్మేశాను.

తప్పు ఎక్కడ జరిగిందో తెలియడానికి చాలా రోజులు పట్టింది. రెండు గోతుల మధ్య ధర 470 దాకా లేచింది. ఆ శిఖరం మీదుగా గీసే అడ్డగీతే నెక్‌లైన్. ముగింపు ధర దాన్ని దాటితేనే డబుల్ బాటమ్. అంతవరకు అది పడుతున్న ధర మధ్యలో కాసేపు ఆగడమే. నేను సగం బొమ్మ చూసి, మిగతా సగం నా ఆశతో పూరించుకున్నాను.

తర్వాత యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ చార్టు తీశాను. 2021 అక్టోబరులో 18,604, డిసెంబరులో 16,410, జనవరిలో 18,350. రెండు శిఖరాలు, నడుమ లోయ: డబుల్ టాప్. ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలైన ఫిబ్రవరి 24న 16,248 వద్ద ముగిసి, ఇక్కడ లోయ అడుగున గీసే నెక్‌లైన్ తెగింది. శిఖరానికీ లోయకూ ఉన్న దూరాన్ని నెక్‌లైన్ నుంచి కిందికి కొలిస్తే లక్ష్యం 14,200 ప్రాంతం. కానీ సూచీ ఏప్రిల్‌లో 18,100 దాకా తిరిగి ఎగబాకింది, జూన్‌లో 15,183కి పడి అక్కడి నుంచి లేచింది. సంకేతం నిజమైనా లక్ష్యం చేరుతుందన్న హామీ లేదు. స్టాప్‌లాస్, అంటే ధర ఇంతకు పడితే అమ్మేయాలని ముందే పెట్టుకునే గీత, లేకుండా కొనకూడదని ఆ కాగితం అంచునే రాసుకున్నాను.

ఆ జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. 16న భద్రాచలం వద్ద 71.3 అడుగులు. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి వెళ్లింది. లంకలో ఉండే బాబాయి కుటుంబం మా ఇంటికి వచ్చేసింది. ఒక రాత్రి నీరు రెండు అంగుళాలు దిగిందని ఫోను వచ్చింది. “బయలుదేరదామా బాబాయ్?” అని అడిగాను.

“తగ్గడం వేరు, తగ్గుముఖం పట్టడం వేరురా. ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక తీసేయనీ” అన్నాడు.

మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకు. మట్టం దాని కిందికి దిగే వరకు ఆయన ఏటిగట్టు మీది పశువులను కదపలేదు. నెక్‌లైన్ గురించి ఇంత స్పష్టంగా నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ షేరే జూన్‌లో 280కి పడి, 345కి లేచి, జూలై చివర 286 దగ్గర నిలిచింది. కొనాలని ప్రాణం కొట్టుకుంది, కొనలేదు. ఆగస్టులో ఒక రోజు 352 వద్ద ముగిసింది. ఆ రోజు చేతులు మారిన షేర్లు మామూలు రోజులకు రెండింతలు. మర్నాడు కొని, 325 దగ్గర స్టాప్‌లాస్ పెట్టాను. మరుసటి వారం 343కి జారినప్పుడు నిద్ర పట్టలేదు గాని స్టాప్‌లాస్ గీతను మార్చలేదు.

గోతికీ నెక్‌లైన్‌కూ ఉన్న దూరాన్ని ఈసారి పైకి కొలిస్తే లక్ష్యం 410. నేను ఫిబ్రవరిలో నమ్మిన పాత అడుగు ఇప్పుడు పైకప్పు అయింది. అక్టోబరులో అక్కడికి చేరగానే సగం అమ్మేశాను. మిగతా సగానికి స్టాప్‌లాస్‌ను 380కి జరిపాను. నవంబరులో ధర దానికి తగిలి మిగతాదీ అమ్ముడైంది.