ఎడమ స్పీకర్‌లో రొద: వాల్వ్ ఫోనో ప్రీయాంప్‌తో పదకొండు రోజులు

మా ఇంట్లో నాయిన కొన్న ఎల్పీ ప్లేట్లు నూట ఇరవై దాకా ఉన్నాయి. సగం సినిమా పాటలు, మిగతావి వీణ, షెహనాయ్, కొన్ని హరికథలు. వాటిని వినడానికి ఆరేళ్ల కింద ఒక వాల్వ్ ఫోనో ప్రీయాంప్ కొన్నాను, అంటే ప్లేటు మీది ముల్లు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను గాజు వాల్వులతో పెంచే పెట్టె. ఎవరో కిట్ తెప్పించుకుని ఇంట్లో కట్టుకున్నది, సెకండ్ హ్యాండ్. బాగానే పాడేది. మొన్న జూన్‌లో దాన్ని ఇంకొంచెం మెరుగు చేద్దామని మూత తీశాను, మళ్లీ మూత బిగించేసరికి పదకొండు రోజులు పట్టింది. ఇలాంటి పెట్టె తెరవాలనుకునేవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు ఈ పెట్టె పనేంటో చెప్పాలి, అది తెలిస్తేనే రొద ఎందుకంత పెద్దగా వినిపిస్తుందో అర్థమవుతుంది. మామూలు ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) కార్ట్రిడ్జ్, అంటే ముల్లు ఉండే చిన్న డబ్బీ, దాని నుంచి వచ్చే సిగ్నల్ మూడు నుంచి ఐదు మిల్లీవోల్టులు, అంతే. పైగా ప్లేటు మీద పాటను ఉన్నదున్నట్టు చెక్కరు. బేస్ అలాగే చెక్కితే గాడి వెడల్పైపోయి ప్లేటు మీద చోటు చాలదు, అందుకని బేస్ తగ్గించి, పై స్వరాలను పెంచి చెక్కుతారు. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నదానికి 1954 నుంచి ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) లెక్క ఉంది. ప్రీయాంప్ దాన్ని తిరగేసి సరిచేయాలి. అంటే 1000 హెర్ట్జ్ దగ్గర నూరు రెట్లు పెంచే ప్రీయాంప్, 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు ఏడు వందల రెట్లు పెంచుతుంది. మన కరెంటు 50 హెర్ట్జే కదా! వైర్లలో ఎక్కడో పది మైక్రోవోల్టుల కరెంటు రొద దూరినా, బయటికి వచ్చేసరికి ఏడు మిల్లీవోల్టులవుతుంది. వాల్వ్ యాంప్ కట్టినవాళ్లు కూడా ఫోనో ప్రీయాంప్ అనగానే జంకేది ఇందుకే.

నా పెట్టెలో మూడు వాల్వులు. ఎడమకొక 12ఏఎక్స్7, కుడికొక 12ఏఎక్స్7, చివర్లో ఒక 12ఏయూ7, దాంట్లో సగం ఎడమకు, సగం కుడికి. ఎడమ చానెల్లో అప్పుడప్పుడు చిటపట వచ్చేది. రెండో స్టేజ్ గ్రిడ్ (వాల్వులోకి సిగ్నల్ పోయే కాలు) మీద మీటర్ పెట్టి చూస్తే 0.4 వోల్టులు చూపించింది, అక్కడ సున్నా ఉండాలి. అంటే ఒక స్టేజ్ నుంచి ఇంకోదానికి డీసీని ఆపి పాటను మాత్రమే పోనిచ్చే కప్లింగ్ కెపాసిటర్ లీకవుతోంది. మారుస్తే సరిపోయేది. కానీ మూత తీశాం కదా, ఎలాగూ కోఠి దాకా పోతున్నాం కదా అని జాబితా పెంచాను. గుజరాతీ గల్లీలో 0.1 మైక్రోఫారడ్ 630 వోల్టుల పాలీప్రొపిలీన్ కెపాసిటర్లు, పవర్ సప్లైకి కొత్త ఎలక్ట్రోలైటిక్‌లు (డీసీని సాపు చేసే పెద్ద కెపాసిటర్లు), వెనకాల వైర్లు గుచ్చే తుప్పు పట్టిన ఆర్‌సీఏ సాకెట్లకు బదులు బంగారు పూత ఉన్నవి కొన్నాను. ఆ సాయంత్రమే నల్గొండ బస్సెక్కి, రాత్రికి పని మొదలుపెట్టి, రెండు రోజుల్లో అన్నీ మార్చేశాను.

ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి. ఈ పెట్టెలో 250 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో నిలిచే ఉంటుంది. 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌కు ఇన్సులేషన్ ఉన్న వైర్లు కట్టుకుని ఎలక్ట్రోలైటిక్‌ను ఖాళీ చేసి, మీటర్‌లో రెండు వోల్టుల కంటే తక్కువ చూశాకే చెయ్యి పెట్టండి. ఆన్‌లో ఉండగా కొలవాల్సి వస్తే మీటర్ నల్ల వైర్‌ను క్లిప్పుతో చాసిస్‌కు (పెట్టె లోహపు చట్రానికి) తగిలించి, ఒక చేత్తోనే కొలవండి, రెండో చెయ్యి వెనక్కి పెట్టుకోండి. మార్పులు చేశాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 60 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో పెట్టి, దాని మీదుగా కరెంటివ్వండి. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే పర్వాలేదు, అలాగే వెలుగుతూ ఉంటే లోపల ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. పిల్లలున్న ఇంట్లో అయితే పెట్టె తెరిచి ఉన్నంతసేపు గది తలుపు మూసే ఉంచాలి, మా ఇంట్లో మేం అలాగే చేశాం.

సిరీస్ బల్బు సరిగ్గానే మసకబారింది. తీసేసి నేరుగా పెట్టాను. కుడివైపు శుభ్రంగా ఉంది. ఎడమవైపు గుయ్యిమని ఒకటే రొద. చిటపట పోయింది గానీ, వీణ నెమ్మదిగా మోగేచోట ఈ రొద వీణ కంటే పెద్దగా ఉంది.

నేను మొదట అనుమానించింది హీటర్‌ను, అంటే వాల్వు లోపల దాన్ని వేడెక్కించే తీగను. వాల్వు హీటర్‌కు 6.3 వోల్టుల ఏసీ పోతుంది, అందులోంచి 50 హెర్ట్జ్ దూరుతుందని ఎక్కడ చదివినా ఉంటుంది. అందుకని హీటర్‌ను డీసీ చేద్దామని కూర్చున్నాను. మూడు వాల్వులకు కలిపి 900 మిల్లీయాంపులు. ఏసీని డీసీ చేసే ఒక బ్రిడ్జ్, 10,000 మైక్రోఫారడ్ కెపాసిటర్, వోల్టేజ్ 6.3కి దించడానికి చిన్న రెసిస్టర్. ఇలా చేసేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ ఎంత ఇవ్వగలదో ముందే చూసుకోవాలి. బ్రిడ్జ్, కెపాసిటర్ పెట్టాక వైండింగ్ మీద పడే ఏసీ కరెంటు, మనం వాడే డీసీకి దాదాపు ఒకటిన్నర నుంచి రెండింతల దాకా ఉంటుంది. నాది రెండు యాంపుల వైండింగ్ కాబట్టి సరిపోయింది, ఒక యాంపుదైతే కాలిపోయేది. నాలుగు రోజులు ఈ పనికే పోయాయి. ఆన్ చేశాను. రొద ఇసుమంత కూడా తగ్గలేదు.

అప్పుడు పానగల్లు పోయి చిన్నాయనను కలిశాను. సొంత చిన్నాయన కాదు, నాయిన దోస్తు. నల్గొండలో ముప్ఫై ఏళ్లు రేడియో మెకానిక్‌గా పనిచేశాడు, వాల్వ్ రేడియోలు ఎన్ని బాగు చేశాడో లెక్కే లేదు. బెంగళూరు బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) కంపెనీ వాల్వులు అట్టపెట్టెల్లో ఇప్పటికీ ఆయన దగ్గర కొన్ని ఉన్నాయి. నేను మొత్తం చెప్పేదాకా విని ఒకటే అడిగాడు.

"ఈ రొద నువ్వు చెయ్యి పెట్టకముందు ఉండెనా, పెట్టినంక వచ్చిందా?"

"పెట్టినంకనే వచ్చింది చిన్నాయనా."

"మరి హీటరు నువ్వు ముట్టుకున్నవా ముందుగాల?"

"లేదు."

"ముట్టుకోనిదాన్ని నాలుగు రోజులు ఎందుకు చూసినవ్ రా? ముట్టుకున్నది చూడు. అది గూడ ఒకటేసారి అన్ని కాదు, ఒకటొకటి."

ఇంటికొచ్చి కాగితం మీద రాసుకున్నాను. నేను ముట్టుకున్నవి మూడే: కప్లింగ్ కెపాసిటర్లు, ఎలక్ట్రోలైటిక్‌లు, సాకెట్లు. ప్రీయాంప్ అవుట్‌పుట్‌ను లాప్‌టాప్‌కు కలిపి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి, ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే స్పెక్ట్రమ్ చూశాను. 50 హెర్ట్జ్ దగ్గర తాటిచెట్టంత గీత, 100 దగ్గర చిన్న మొలక. పవర్ సప్లై ఫిల్టర్ బాగాలేకపోతే వచ్చే రొద 100 హెర్ట్జ్‌లో ఉంటుంది, బ్రిడ్జ్ ఏసీ అలలోని రెండు సగాలనూ వాడుతుంది కాబట్టి. పైగా అది రెండు చానెళ్లలోనూ రావాలి. ఆ లెక్కన ఎలక్ట్రోలైటిక్‌లకు సంబంధం లేదు. తర్వాత టర్న్‌టేబుల్ వైర్లు పీకేసి, ఇన్‌పుట్‌కు షార్టింగ్ ప్లగ్గులు పెట్టాను. రొద అలాగే ఉంది, కాబట్టి టర్న్‌టేబుల్‌ది కాదు, పెట్టె లోపలిదే. ఆఫ్ చేసి, చల్లారాక ఎడమ, కుడి 12ఏఎక్స్7లను అటూ ఇటూ మార్చాను. రొద వాల్వు వెంట కుడికి రాలేదు, ఎడమలోనే ఉండిపోయింది, అంటే వాల్వూ మంచిదే. పొడవాటి ఎండిన వెదురు పుల్లతో కొత్త కెపాసిటర్లను అటూ ఇటూ జరిపి చూశాను, రొదలో తేడా లేదు.

మిగిలింది సాకెట్లు.

ఈ పెట్టెలో గ్రౌండ్ వైర్లన్నీ ఒకే చోటికి చేరతాయి, అక్కడి నుంచి ఒక్క వైరు చాసిస్‌కు పోతుంది. అది తప్ప ఇంకెక్కడా సిగ్నల్ గ్రౌండ్ చాసిస్‌ను తాకకూడదు. ప్లగ్గు పీకి, కెపాసిటర్లు ఖాళీ చేసి, ఆ ఒక్క వైరునూ, సాకెట్లకు వచ్చే గ్రౌండ్ వైర్లనూ విప్పాను. మీటర్ బీప్ మోడ్‌లో పెట్టి ఒక కొన చాసిస్‌కు, ఇంకో కొన కుడి సాకెట్ బయటి రింగుకు తగిలించాను. గప్‌చుప్. ఎడమ సాకెట్ ముట్టించగానే బీప్ అని మోగింది. ఆ శబ్దం విన్నప్పుడు నాకు కలిగిన ఊరట మాటల్లో చెప్పలేను, తొమ్మిది రోజుల టెన్షన్ ఒక్కసారిగా దిగిపోయింది.

కొత్త సాకెట్లు పాతవాటికంటే లావు. రంధ్రం పెద్దది చేయడానికి డ్రిల్ పెట్టినప్పుడు ఎడమది కాస్త పక్కకు పోయింది, దాంతో సాకెట్‌ను చాసిస్ నుంచి వేరుగా ఉంచే ప్లాస్టిక్ వాషర్ గాడిలో సరిగా కూర్చోలేదు. నట్టు బిగించేసరికి మరలు ఒకవైపు లోహానికి ఆనుకున్నాయి. అలా ఎడమ చానెల్‌కు గ్రౌండ్ రెండు దారుల్లో పోయింది, ఆ రెండు దారుల మధ్య ఏర్పడిన చుట్టులోకి ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం 50 హెర్ట్జ్‌ను నింపింది. గ్రౌండ్ లూప్ అనేది ఇదే. బయట నుంచి చూస్తే సాకెట్ చక్కగా, గట్టిగా, మెరుస్తూ ఉంది.

కొత్త సాకెట్ విప్పి, రంధ్రం అంచులు ఆకురాయితో సాపు చేసి, మందపాటి నైలాన్ వాషర్లు రెండువైపులా వేసి బిగించాను. మళ్లీ బీప్ పరీక్ష: రెండు సాకెట్లూ గప్‌చుప్. విప్పిన వైర్లన్నీ తిరిగి సోల్డర్ చేసి, సిరీస్ బల్బు మీదుగా ఆన్ చేశాను. వాల్యూమ్ ముప్పావు దాకా పెంచినా స్పీకర్‌కు చెవి ఆనిస్తే తప్ప ఏమీ వినబడలేదు, అది కూడా వాల్వుల సన్నటి హిస్సే.

మూత బిగించే ముందు అన్ని వోల్టేజ్‌లూ రాసుకుని, కాగితాన్ని మూత లోపలివైపు అతికించాను. హెచ్‌టీ (పెట్టెలోని పెద్ద డీసీ) 250, వాల్వు లోపలి ప్లేట్లు (ఆనోడ్‌లు) ఎడమ 168, కుడి 171, క్యాథోడ్‌లు రెండూ 1.2. ప్లేటు రెసిస్టర్ 100 కిలో ఓమ్‌లు, దాని మీద పడుతున్నది దాదాపు 80 వోల్టులు, అంటే వాల్వులో 0.8 మిల్లీయాంపులు. క్యాథోడ్ రెసిస్టర్ ఒకటిన్నర కిలో ఓమ్, 0.8తో గుణిస్తే 1.2 వోల్టులే వస్తుంది. లెక్క కుదిరింది. ఆరేళ్ల కింద కొన్నరోజే ఈ అంకెలు రాసి పెట్టుకుని ఉంటే ఆ లీకయ్యే కెపాసిటర్ ఎప్పుడో దొరికేది. డీసీ హీటర్‌ను మాత్రం తీయలేదు, దానివల్ల నష్టమేమీ లేదు.

కొత్త కెపాసిటర్ల వల్ల పాట మారిందా అంటే, నా చెవికి ఎడమ, కుడి ఇప్పుడు సమానంగా ఉన్నాయి, చిటపట లేదు. అంతకుమించి చెప్పలేను. ఖరీదైన కెపాసిటర్ పెడితే గొంతే మారిపోతుందని చాలామంది అంటారు, లీకయ్యేదాన్ని తీసేసి లీకవనిదాన్ని పెట్టడమే అసలు తేడా అని నా నమ్మకం.

ఆదివారం చిన్నాయన మా ఇంటికి వచ్చాడు. వీణ ప్లేటు పెట్టాను. కళ్లు మూసుకుని మొదటి వైపంతా విన్నాడు. ముల్లు లేచాక, కుడి వాల్వును గోటితో మెల్లగా తట్టి చూశావా అని అడిగాడు. తట్టాను. స్పీకర్‌లో సన్నగా గంట మోగినట్టు వినిపించింది.

"అది మైక్రోఫోనిక్ వాల్వు. నా దగ్గర బెల్ వాల్వులున్నయి, ఎల్లుండి వచ్చి తీస్కపో" అని, రెండో వైపు తిప్పమన్నాడు.