మోజెల్ వెంట సైకిల్: ఒడ్డు చూసి తొక్కాలి

జర్మనీలో ట్రియర్ నుంచి కోబ్లెంజ్‌కు మ్యాపు మీద గీత గీస్తే వంద కిలోమీటర్లు కూడా ఉండదు. అదే దూరానికి మోజెల్ నది మెలికలు తిరుగుతూ 190 కిలోమీటర్లకు పైగా పారుతుంది. నది పక్కనే సైకిల్ దారి ఉంది, చాలాచోట్ల రెండు ఒడ్లా ఉంది, దాదాపు అంతా తారే. ట్రియర్ నుంచి రైన్ నదిలో కలిసేదాకా నీటిమట్టం దిగేది సుమారు 70 మీటర్లే. అదీ పది ఆనకట్టల దగ్గర మెట్లు మెట్లుగా దిగుతుంది. పెద్ద పడవల కోసం ఈ నదిని అలా కట్టి 1964లో తెరిచారు. కాబట్టి ఎక్కుళ్ల గురించి బెంగ అక్కర్లేదు. బెంగ పెట్టుకోవలసింది ఒడ్డు గురించి. "మోజెల్ అంతా కార్ల రొదే" అని ఒకరంటారు, "పూటంతా ఒక్క కారు కనబడలేదు" అని ఇంకొకరంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, చెరో ఒడ్డున తొక్కారంతే.

ఒడ్డు ఎంచుకోవడానికి గైడు పుస్తకం అక్కర్లేదు, వంపు చూస్తే చాలు. వంపు బయటివైపు నది కొండను కోస్తూ పోతుంది. అక్కడ నీటికీ కొండకీ మధ్య ఉన్న సన్నటి జాగాలోనే రోడ్డు, సైకిల్ దారి, ఒక్కోచోట రైలు పట్టాలూ ఇరుక్కుంటాయి. లోపలివైపు ఒండ్రు మేట వేస్తుంది, నేల చదునుగా ఉంటుంది. ట్రాక్టర్లు తిరిగే పొలందారులు అటే ఉంటాయి, సైకిల్ దారి వాటి మీదుగా హాయిగా పోతుంది. ద్రాక్ష కొండల అందం మాత్రం కోత ఒడ్డుదే, అది కూడా ఎదుటి ఒడ్డు నుంచి చూస్తేనే. బ్రెమ్ ఊరి దగ్గర కాల్మోంట్ కొండ యూరప్‌లోకెల్లా నిటారైన ద్రాక్షతోటల్లో ఒకటి, కొన్నిచోట్ల వాలు 60 డిగ్రీలు దాటుతుంది. కొండ కిందినుంచే పోతే మెడ నొప్పి తప్ప మిగిలేదేమీ లేదు. నేఫ్ దగ్గర వంతెన దాటి అవతలి ఒడ్డున స్టూబెన్ మఠం శిథిలాల దాకా వెళితే కొండ మొత్తం ఎదురుగా పరుచుకుంటుంది.

ఇక రోడ్ల లెక్క. ఆల్ఫ్ నుంచి దిగువకు బి 49 అనే జాతీయ రహదారి ఎడమ ఒడ్డున నడుస్తుంది (నది పారే దిక్కుకు తిరిగి నిలబడితే ఎడమ చేతివైపు). అందుకే జెన్‌హైమ్ నుంచి కొకెమ్ దాకా కుడి ఒడ్డే మంచిది. బైల్‌స్టైన్, బ్రుట్టిగ్ లాంటి చిన్న ఊళ్లు అటే ఉన్నాయి. ట్రైస్-కార్డెన్ దగ్గర బి 49 కుడి ఒడ్డుకు మారుతుంది, ఎడమవైపు బి 416 మొదలవుతుంది. అంటే అక్కడినుంచి కోబ్లెంజ్ దాకా రెండు ఒడ్లనా పెద్ద రోడ్డే, పైగా ఎడమ ఒడ్డున రైలు కూడా. సైకిల్ దారి విడిగానే ఉంటుంది గానీ చెవులకు శాంతి ఉండదు. ట్రాఫిక్ పడని వాళ్లు కొకెమ్‌లోనో కార్డెన్‌లోనో రైలెక్కేస్తే ఏమీ పోగొట్టుకున్నట్టు కాదు. సంగమం దగ్గర ఫొటో కావాలంటే కోబ్లెంజ్ స్టేషన్ నుంచి తొక్కొచ్చు.

దూరాలు చెప్పాలంటే ట్రియర్ నుంచి బెర్న్‌కాస్టెల్-కూస్ సుమారు 63 కిలోమీటర్లు, అక్కడినుంచి ట్రాబెన్-ట్రార్‌బాఖ్ 24, అక్కడినుంచి కొకెమ్ 55, కోబ్లెంజ్‌కు ఇంకో 50. నాలుగైదు రోజులకు సరిపోతుంది. ఒడ్డున పడవల కోసం పెట్టిన కిలోమీటరు పలకలు సంగమం దగ్గర సున్నాతో మొదలై ఎగువకు పెరుగుతాయి. వాటి మీది అంకె చూస్తే కోబ్లెంజ్ ఎంత దూరమో తెలిసిపోతుంది, ఫోను తియ్యక్కర్లేదు. గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి ట్రియర్ నుంచి కిందికి రావడమే తెలివి. వంపుల్లో అదే గాలి కాసేపు ఎదురు తిరుగుతుంది, దానికి చేసేదేం లేదు.

రైలు విషయంలో ఒక చిక్కుంది. ట్రియర్-కోబ్లెంజ్ రైలు మార్గం నదిని అంటిపెట్టుకుని పోదు. బుల్లాయ్ దాటాక నదిని వదిలి విట్లిష్ మీదుగా పోయి మళ్లీ ట్రియర్ దగ్గర నదిని కలుస్తుంది. బుల్లాయ్ నుంచి ట్రాబెన్-ట్రార్‌బాఖ్‌కు ఒక చిన్న శాఖ ఉందంతే. ట్రాబెన్‌కు ఎగువన స్వైష్ దాకా సైకిల్ చెడినా కాలు బెణికినా రైలు అందదు. ఏప్రిల్ నుంచి నవంబరు మొదటి దాకా సైకిళ్ల ట్రైలర్ తగిలించిన బస్సులు నది వెంట తిరుగుతాయి. శని, ఆదివారాల్లో చోటు ముందే బుక్ చేసుకోవాలి. ఇక్కడి రాష్ట్రమైన రైన్‌లాండ్-ఫాల్జ్‌లో ప్రాంతీయ రైళ్లలో మామూలు రోజుల్లో ఉదయం 9 తర్వాత, శని, ఆదివారాల్లో రోజంతా సైకిల్‌కు టికెట్ అక్కర్లేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఇంకెక్కడో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మనవాళ్లు ఇది తెలియక తమ సైకిల్ తెచ్చుకోకుండా అద్దె సైకిల్‌కే సిద్ధపడతారు.

అసలు వాహనాలే లేని దారి కావాలంటే పక్కనే మారె-మోజెల్ సైకిల్ దారి ఉంది. డౌన్ అనే ఊరి నుంచి బెర్న్‌కాస్టెల్-కూస్ దాకా 58 కిలోమీటర్లు, ఎక్కువ భాగం మూసేసిన రైలు కట్ట మీదే. రైలు ఎక్కగలిగిన వాలే కాబట్టి ఎక్కడా మోకాళ్లు నొప్పి పెట్టవు. మొత్తం మీద సుమారు 300 మీటర్లు దిగుతారు. వంతెనలు, సొరంగాలు ఉంటాయి. అన్నిటికన్నా పొడుగు సొరంగం అర కిలోమీటరు దాటుతుంది. లోపల దీపాలుంటాయి గానీ ఎండాకాలంలో కూడా చలి కొడుతుంది, చొక్కా మీద ఇంకోటి వేసుకుని దూరండి. బెర్న్‌కాస్టెల్ నుంచి డౌన్‌కు పైన చెప్పిన ట్రైలర్ బస్సుల్లాంటివే ఉన్నాయి. పైకి బస్సులో, కిందికి సైకిల్ మీద. మోజెల్‌కు ఒక్క రోజే కేటాయించగలిగితే ఆ రోజు ఇక్కడికే రావాలి.

అద్దె సైకిల్ తీసుకునేటప్పుడు ముందు ఒకటి అడగాలి: పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడేదా, కాదా? జర్మనీలో వెనక చక్రం నడిమి హబ్‌లోనే గేర్లుండే సైకిళ్లకు ఆ రకం బ్రేకు మామూలు. అలవాటు లేనివాళ్లు సిగ్నల్ దగ్గర పెడల్ సర్దుకోబోయి ఉన్నట్టుండి ఆగిపోతారు. 'ఫ్రైలాఫ్' కావాలంటే మనకు అలవాటున్న రకం ఇస్తారు. హబ్ గేరుంటే వెనక చక్రం విప్పడం కూడా పెద్ద పని. 15 మి.మీ. స్పానర్ కావాలి, గేరు కేబుల్ ఊడదీయాలి. ముల్లు దిగని మందపు టైరుందో లేదో చూసుకోవడం సులువు. 37 మి.మీ. టైరుకు, 75 కిలోల మనిషి 12 కిలోల సామాను వేసుకుంటే, వెనక 60, ముందు 45 పీఎస్ఐ గాలి చాలు. అంతకు బాగా తగ్గితే పాత ఊళ్ల రాళ్ల వీధుల్లో, ఫుట్‌పాత్ అంచుల మీద ట్యూబు రిమ్ముకు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. సామాను రెండు పక్కల సంచుల్లో సమానంగా, బరువైనవి అడుగున పెట్టాలి. సంచి మరీ ముందుకుంటే మడమ తగులుతుంది. క్యారియర్ బోల్టులు అదురుకు వదులవుతాయి. రోజూ పొద్దున్నే 4 మి.మీ. అలెన్ కీతో ఒకసారి తిప్పి చూడండి.

పంక్చర్లకు ఇంకో కారణం ఈ నేలే. ఇక్కడి ద్రాక్షతోటల్లో మట్టికంటే పలకరాయి ముక్కలే ఎక్కువ. మార్కాపురంలో బడిపలకలు చేసే రాయి లాంటిదే. పగటి వేడి దాచుకుని రాత్రి వదులుతుందనే రీస్లింగ్ ద్రాక్షకు ఇది నచ్చింది. పెద్ద వాన పడితే ఆ పదునైన ముక్కలు దారి మీదికి కొట్టుకొస్తాయి. తీగల సాగు కూడా మన రంగారెడ్డి పందిళ్లలా ఉండదు. నిటారు వాలులో పందిరి వేయలేరు కాబట్టి ఒక్కో మొక్కకు ఒక్కో గుంజ పాతి, తీగను రెండు పక్కలకు వంచి కడతారు. ఇరుకు వాలుల్లో మనుషులనూ బుట్టలనూ ఒంటి పట్టా మీద నడిచే చిన్న బండి మోస్తుంది.

కోత సెప్టెంబరు, అక్టోబరుల్లో. లోయ అప్పుడే బాగుంటుంది, దారి అప్పుడే చెడ్డది. ట్రాక్టర్లకు దారి వదలాలి, వాళ్ల పని దారిలో మనం అతిథులం. నలిగిన పళ్లు పడిన వంపులో తారు సబ్బులా జారుతుంది, అక్కడ ముందు బ్రేకు ముట్టుకోవద్దు. చలికాలంలో నది పొంగితే దారే మునుగుతుంది, నీళ్లు తీశాక సన్నటి బురద మిగులుతుంది. జూలై, ఆగస్టుల్లో నీడ తక్కువ, పలకరాయి పొయ్యిలా కాగుతుంది. మే చివర, జూన్ మేలు.

ఊళ్లలో గుర్తులు లేని కూడలిలో కుడినుంచి వచ్చేవాళ్లదే ముందు హక్కు. ఎడమన నడిచే అలవాటున్న మన కళ్లు కుడివైపు ఆలస్యంగా చూస్తాయి.

గుమ్మానికి కొమ్మల గుత్తో చీపురో వేలాడుతుంటే అది ద్రాక్ష రైతు ఇంటి వైన్ అంగడి, ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్. ఏడాదికి నాలుగు నెలలకు మించి తెరవకూడదు, 40 కుర్చీలకు మించి వేయకూడదు, సొంత వైనే అమ్మాలి. సైకిలే కదా అనుకోకండి. రక్తంలో మద్యం 1.6 ప్రొమిల్లే (వెయ్యికి 1.6 వంతులు) ఉంటే నేరం, ప్రమాదం జరిగినా తూలుతూ తొక్కినా 0.3 నుంచే కేసు పెట్టొచ్చు. దారి ఇంకా మిగిలుంటే 'ట్రౌబెన్‌జాఫ్ట్‌షోర్లె' అడగండి, ద్రాక్షరసంలో సోడా కలిపి పెద్ద గ్లాసులో ఇస్తారు.