ఎర్రబడిన నక్షత్రాలు, చీకటి మేఘాల దూరం

వేసవి రాత్రి కొత్తపట్నం తీరంలో, దీపాలకు దూరంగా నిలబడి చూస్తే, దక్షిణాన పాలపుంత మధ్యలో నల్లని చీలికలు కనిపిస్తాయి. అవి ఖాళీలు కావు, వెనుకనున్న నక్షత్రాలను మరుగుపరిచే ధూళి మేఘాలు. సొంత వెలుగు లేని ఆ మేఘం ఎంత దూరంలో ఉందో తెలుసుకోవడానికి నక్షత్రాల రంగే ఆధారం కావడం ఖగోళశాస్త్రంలో నాకు అత్యంత ఇష్టమైన విషయం.

మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా చిన్నవైన ధూళి కణాలు ఎరుపు కాంతికన్నా నీలి కాంతిని ఎక్కువగా అడ్డుకుంటాయి కనుక వాటి వెనుకనున్న నక్షత్రం మసకబారడమే కాక ఎర్రబడుతుంది కూడా. మా తీరంలో ఉదయించే సూర్యుడు ఎర్రబడేదీ నీలి కాంతి ఎక్కువగా చెదరడం వల్లనే, కాకపోతే అక్కడ ఆ పని ప్రధానంగా గాలి అణువులది. అయితే ఎర్రగా కనిపించే ప్రతి నక్షత్రమూ ధూళి వెనుక ఉన్నదని అనుకోకూడదు. జ్యేష్ఠ ఎరుపుకు ముఖ్య కారణం దాని ఉపరితలం చల్లగా ఉండటమే. అందుకే ముందుగా వర్ణపటాన్ని బట్టి నక్షత్రపు సహజమైన రంగును నిర్ణయించి, కనిపించే రంగు దానికన్నా ఎంత ఎక్కువ ఎర్రగా ఉందో లెక్కిస్తారు.

1930లో రాబర్ట్ ట్రంప్లర్ నక్షత్ర గుచ్ఛాలను పరిశీలించినప్పుడు, వెలుగును బట్టి లెక్కించిన దూరాల ప్రకారం దూరపు గుచ్ఛాలు దగ్గరివాటికన్నా పెద్దవిగా తేలాయి. గుచ్ఛాలు మన నుంచి దూరమైన కొద్దీ పెరగడానికి కారణమేదీ లేదు కనుక, దారిలోని ధూళి వెలుగును తగ్గించి దూరాలను ఎక్కువ చేసి చూపుతోందని ఆయన నిర్ధారించారు. ఎంతో సరళమైన ఆ తర్కం నన్ను ఇప్పటికీ ఆకట్టుకుంటుంది.

2013లో ప్రయోగించిన గయా ఉపగ్రహం వంద కోట్లకు పైగా నక్షత్రాల పారలాక్స్‌ను, అంటే భూమి సూర్యుని చుట్టూ తిరిగేటప్పుడు నక్షత్రం స్థానంలో కనిపించే చిన్న మార్పును, కొలిచింది. దాన్ని బట్టి నక్షత్రం దూరం తెలుస్తుంది. ఒకే దిశలోని నక్షత్రాలను దూరాల వరుసలో పేర్చి చూస్తే, మేఘానికి ఇవతలివి దాదాపు సహజమైన రంగులో ఉంటాయి, అవతలివి ఎర్రబడి ఉంటాయి. ఆ మార్పు ఒక్కసారిగా ఎక్కడ మొదలైతే మేఘం అక్కడ ఉన్నట్టు. వృషభరాశిలోని మేఘం ఇలా సుమారు 450 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నట్టు తేలుతుంది. అదే దిశలో వెలిగే రోహిణి 65 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది కనుక దాని రంగుకు ఆ మేఘంతో సంబంధం లేదు.

మేఘపు గర్భంలో ధూళి మరీ దట్టంగా ఉన్నచోట వెనుకనున్న నక్షత్రాలు మామూలు కాంతిలో అసలు కనిపించవు కాబట్టి, ధూళిని ఇంకొంత సులభంగా దాటి రాగల పరారుణ కాంతిలో వాటిని వెతకవలసి ఉంటుంది.